ఎండ మీద వేసిన నింద

చాలా ఏళ్లుగా ఒక చీనీ తోటను మోస్తున్నాను, చెట్లతో సహా. పగటిపూట బరువు తెలియదు. నడుం వాల్చినప్పుడే కొంచెం తెలుస్తుంది.

ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎరగని మీకైతే చెప్పవచ్చనిపించింది. ఎరిగినవాళ్లు నేనేం చెప్పినా ముందు నవ్వుతారు. అది నా సొంత సంపాదన.

బత్తాయిని మా వైపు చీనీ అంటాం. తోట సింహాద్రిపురం పక్కన. ఖాజాది. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు. కువైట్‌లో ఏసీలు బిగిస్తూ ఆ చెట్లను పెంచాడు. భార్యాపిల్లలు ప్రొద్దుటూరులో, ఆమె పుట్టింట్లో ఉండేవాళ్లు. తొలికాపు సరిగ్గా చేతికొస్తే ఇంక తిరిగి పోనన్నాడు. తోటలోనే గది కట్టుకుంటానన్నాడు, గది ముందర నాకొక మంచం వేస్తానన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రాలు ఆ చెట్ల మధ్యే గడిపేవాళ్లం. అప్పటికి పూత అక్కడక్కడే. అయినా ఆ వాసన చొక్కా పట్టుకుని నాతో ఇంటిదాకా వచ్చేది.

చీనీ చెట్టు నిండుగా పూయాలంటే ముందు దాన్ని ఎండగట్టాలి. చలికాలం చివర్లో నీళ్లు ఆపేస్తాం. ఆకు వడలి అంచులు ముడుచుకోవడం మొదలవగానే మళ్లీ నీళ్లిస్తే చెట్టంతా ఒక్కసారే పూస్తుంది. దీన్ని వాడబెట్టడం అంటాం. నీళ్లు ఎప్పుడు ఆపాలో అందరికీ తెలుసు. ఎప్పుడు ఇవ్వాలో మాత్రం పోయి ఆకు చూస్తేనే తెలుస్తుంది. ఆ చూసే పని నాది. మోటరు గది తాళంచెవి నా దగ్గరుండేది. బాటనీ డిగ్రీ కూడా నా దగ్గరే ఉండేది.

ఆ ఏడు చలి తొందరగా పోయింది. శివరాత్రి నాటికే వడగాలి. పులివెందులలో మా ఇంట్లో కూలర్ ముందు కూర్చుని ఉన్నప్పుడు ఖాజా ఫోన్ చేశాడు.

"ఏం మామా, తోట కాడికి పోయినావా?"

"పోయినా. పొద్దన్నే పోయొస్తి."

"ఆకు ఎట్లుండాది?"

"నీకంటే నిగనిగలాడతాండాది."

"ఎగతాళి కాదప్పా. ఎండలు శానా ఉండాయని మా ఇంట్లో చెప్తాండాది. నీళ్లు ఇడుద్దామా?"

"కువైట్‌లో ఉండుకోని మన ఎండకు భయపడతావేంది? ఇప్పుడే ఇడిస్తే ఆకొస్తాది, పూత రాదు. ఇంకో వారం కానీ."

"సరేలే. నువ్వు చూసినావు గదా, ఇంకేంది."

నేను చూడలేదు. అంతకు ముందు వారం కూడా చూడలేదు. కారణం వింటే మీరు నవ్వవచ్చు. ఎండగా ఉందని పోలేదు. బండి సీటు కాలుతోందని. నన్ను గడప దాటనివ్వని ఎండ, గడపే లేని చెట్లను ఏం చేస్తుందో నాకు తోచలేదా? తోచింది. తోచినా, పోకుండానే పోయానని ఒకసారి అనేశాక, నిజంగా పోయి ఆ ఆకులను చూడటానికి భయం వేసింది. భయానికి బద్ధకం అని పేరు పెట్టుకుని ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాను.

పోయేసరికి ఆకులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. రెమ్మ వంచితే పుల్లలా విరిగింది. కంగారులో మోటరు వేసి ఒక్కసారే తడిపేశాను. ఉన్న ఆకు కూడా రాలింది. ఆలస్యంగా కాస్త పూత వచ్చింది, గోలీలంత పిందెలు కట్టాయి, ముదిరిన ఎండకు అవీ రాలాయి. చాలా చెట్లు మళ్లీ లేవలేదు.

చుట్టుపక్కల తోటల్లోనూ పిందె రాలింది. చెట్లు మాత్రం చావలేదు. ఆ తేడా ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా?

ఖాజా వచ్చాడు. రాలిన పిందెల మీద అడుగు వేయలేక గట్టు మీదే నిలబడ్డాడు. వేడి పెరిగితే పిందె ఎందుకు నిలవదో, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే చెట్టు ఎట్లా అలిసిపోతుందో నేను వివరించాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అంత చక్కగా నేను ఏ పరీక్షలోనూ రాయలేదు. అంతా విని వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చేస్తావు మామా. ఎండకు ఎవురు అడ్డం పడతారు?"

ఓదార్పు నాకు! నేను తల ఊపాను.

వాడు మళ్లీ కువైట్ పోయాడు. తోట కొట్టేశారు. ఇప్పుడక్కడ ఎవరిదో పత్తి. ఎండలు ముందుకు జరిగేకొద్దీ మిగతా రైతులు వాడబెట్టే కాలాన్ని తగ్గించుకుంటూ వస్తున్నారు, పొద్దునా సాయంత్రమూ ఆకు చూసుకుంటున్నారు. వాళ్ల తోటల పూత వాసన రోడ్డు దాకా వస్తే నేను బండి ఆపుతాను. ఎవరైనా పలకరిస్తే ఫోన్ వచ్చిందంటాను. వాడు వేస్తానన్న మంచం మీద, వాడి పక్కన, ఒక్క సాయంత్రం ఊరికే కూర్చోవాలని ఉంటుంది.

ఖాజా ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "ఎండలెట్లుండాయి మామా?" అంటాడు. నేను వెంటనే చెప్పను. మిద్దె ఎక్కి, చెప్పులు లేకుండా కాసేపు నిలబడి, అప్పుడు చెబుతాను. ఆ ఆలస్యాన్ని వాడు సిగ్నల్ మీద వేస్తాడు. నేనూ వేయనిస్తాను.

వాడికి చెప్పాల్సిన మాట చాలా చిన్నది. ఇన్నేళ్లలో మొదటిసారి, ఏ ఎగతాళీ కలపకుండా రాస్తున్నాను.

ఆ పొద్దు నేను తోటకు పోలేదు.