రికార్డులో లేని పిత్తాశయం

బస్సులు ఆగే చోట, జిరాక్సు దుకాణం మెట్ల కింద, ఒక మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయే జాగాలో ఆవిడ ఇరవై రెండేళ్లుగా జిప్పులు బాగుచేస్తోంది. సూట్‌కేసులు, బడిసంచులు, చలికోట్లు, ఏవి తెచ్చినా ముందు జిప్పు పళ్లమీద వేలు పోనిచ్చి చూస్తుంది. బాగుపడేదైతే పటకారుతో రన్నరు నొక్కి, కొవ్వొత్తి రుద్ది, పది నిమిషాల్లో చేతిలో పెడుతుంది. కాకపోతే, “దీని పని అయిపోయింది, ఊరికే నన్ను మొహమాటపెట్టకు” అని వెనక్కి ఇచ్చేస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జిప్పులక్క అంటే చాలు.

జిప్పులక్కకు ఉన్నది ఒక్క చెల్లెలు. తల్లి పోయేనాటికి చెల్లెలికి పదకొండేళ్లు. జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. తన పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, “ఒకదాన్ని పెంచేసరికే తాతలు దిగొచ్చారు” అని నవ్వేసేది.

శాసనసభలో ప్రజారోగ్య బీమా చట్టం మార్చిన రోజున జిరాక్సాయన పేపరు మడిచి పట్టుకుని మెట్ల కిందకి వంగాడు.

“అక్కా, ఇక ఆరునెలలకోసారి అర్హత చూస్తారట. ఆపరేషనంటే పాత రికార్డులన్నీ తిరగేస్తారట. కార్డు తప్పుగా వాడితే రద్దేనట.”

“మంచి పనే. పోయినవాళ్ల పేరుమీద కూడా మందులు తీసుకునేవాళ్లున్నారు. అలాంటి వాళ్ల వల్లే కదా మనకి బెడ్డు దొరకనిది.”

మనస్ఫూర్తిగానే అంది. అప్పుడు ఆవిడకు తన సంగతేదీ తట్టలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, సూట్‌కేసు ఒళ్లో ఉండగానే కుడి డొక్కలో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. పటకారు చేతిలోంచి జారింది. జిరాక్సాయన ఆటో ఎక్కించి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, “గాల్ బ్లాడర్ నిండా రాళ్లే. అదే పిత్తాశయం. తీసెయ్యాలమ్మా. కార్డు తీసుకుని బీమా కౌంటరుకి వెళ్లండి” అంది.

కౌంటరులో కళ్లజోడాయన వేలిముద్ర తీసుకుని, తెరమీద చూసి, మళ్లీ చూసి, గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, మీకు గాల్ బ్లాడర్ లేదు.”

“అదేంటి బాబూ, నొప్పితో చస్తుంటేనూ!”

“తొమ్మిదేళ్ల కిందటే తీసేశారు. ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే.”

జిప్పులక్కకు అప్పుడు గుర్తొచ్చింది.

తొమ్మిదేళ్ల కిందట చెల్లెలి మొగుడి ఉద్యోగం పోయింది. దాంతో వాళ్ల కార్డూ పోయింది. కొత్తదానికి పెట్టుకున్న దరఖాస్తు ఏ బల్లమీద నిద్రపోతోందో తెలియని రోజుల్లో చెల్లెలికి జ్వరం, వాంతులు, డొక్కలో పోటు. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే చీము పట్టి ప్రాణం మీదికొస్తుందన్నారు. అప్పటి కార్డుల మీద ఫొటో లేదు. జిప్పులక్క తన కార్డు తీసి చెల్లెలి గుప్పిట్లో పెట్టి, “ఈ నాలుగు రోజులూ ఎవరు పిలిచినా నా పేరుకే పలుకు” అంది. అది దొంగతనమని ఆవిడకు ఆ రోజు తోచలేదు. అక్క చెయ్యాల్సిన పని అనుకుంది, అంతే.

కళ్లజోడాయన గొంతు తగ్గించాడు. “ఇలాంటివి వస్తున్నాయి లెండి. రికార్డు రాసినవాళ్ల పొరపాటని ఈ కాగితం మీద సంతకం పెట్టండి. మీ పని అయిపోతుంది.”

“అది రాసినావిడ ఇంకా ఉందా?”

“రికార్డు గదిలోనే ఉంది, నెరిసిన జుట్టావిడ. కొత్త చట్టం కదా, ముందు ఉద్యోగంలోంచి పక్కన కూర్చోబెడతారు, తర్వాతే సంజాయిషీ అడుగుతారు.”

కాగితం సంచిలో పెట్టుకుని వెళ్తూ జిప్పులక్క రికార్డు గది ముందు ఆగింది. నెరిసిన జుట్టావిడ నిచ్చెన మీద నిలబడి, కింద ఉన్నావిడకు దస్త్రాలు అందిస్తూ, అట్ట చిరిగిన ప్రతిదానికీ గమ్ముకాగితం అంటిస్తోంది. అంత శ్రద్ధగా అంటిస్తున్న మనిషి మీద పొరపాటు రాసి సంతకం పెట్టడానికి జిప్పులక్కకు చెయ్యి రాలేదు.

సాయంత్రం చెల్లెలింటికి వెళ్లి అంతా చెప్పింది. చెల్లెలు వింటూనే ఒంటికాలి మీద లేచింది.

“నీకేమైనా మతిపోయిందా అక్కా? ఆయనంతట ఆయనే దారి చూపిస్తుంటే!”

“ఆ దారిలో ఇంకొకావిడ నలిగిపోతుందే.”

“మరి మా సంగతి? ఇద్దరి కార్డులూ పోతాయి. మీ మరిదికి బీపీ మాత్రలు ఎక్కణ్ణుంచి తేను?”

“నీ పేరు చెప్పను. నేనే ఎవరికో ఇచ్చానంటాను.”

“ఎవరికో ఇచ్చానంటే నమ్ముతారా? నీ మొహం చూస్తే అబద్ధం ఆమడ దూరంనుంచి తెలుస్తుంది” అని చెల్లెలు విసురుగా లోపలికి పోయింది. మరిది మాత్రం గుమ్మం దాకా వచ్చి చెప్పులు దగ్గరగా జరిపాడు.

చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. తమంతట తాము వచ్చి చెప్పినవాళ్లకు కార్డు పూర్తిగా రద్దు కాదు, ఒక్క ఏడాది ఆగుతుంది. జిప్పులక్క ఉన్నది ఉన్నట్టు రాసింది, చెల్లెలి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలింది. పదిరోజులకు విచారణకు పిలిచారు.

కిటికీ లేని గది. బల్లకి అటువైపు విచారణాధికారి, నిద్రచాలని కళ్ల మనిషి. ఖాళీ మీద పెన్ను ఆనించి, “ఇది నిండకపోతే మీరు చెప్పింది సగమే అవుతుందమ్మా” అన్నాడు.

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు.

“కుట్లు నా పొట్ట మీద ఉన్నాయి సార్, మా అక్క పొట్ట మీద కాదు. రాసుకోండి.”

అధికారి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముక్కూ చెవులూ అచ్చు పోసినట్టున్నాయి. చాలాసేపు రాశాడు.

“తప్పని నాకు తెలుసు సార్. కానీ ఆ రోజు మళ్లీ వస్తే ఏం చేస్తానో మాత్రం చెప్పలేను” అంది జిప్పులక్క.

“అది రాయడానికి ఇందులో చోటు లేదమ్మా” అన్నాడాయన మెల్లగా. “ఇద్దరికీ ఏడాది. ప్రాణాపాయమైతే చేర్చుకుంటారు. మీ చెల్లెలి ఆపరేషన్ ఆవిడ రికార్డులోకి మారుస్తాను. లేని అవయవం ఉన్నట్టు చూసి, రేపు ఏ డాక్టరైనా పొరబడొచ్చు.”

ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఆలోచించలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

“ఎందుకొచ్చావే?”

“మీ మరిది రాత్రి అన్నం ముందు కూర్చుని ఒకటే మాటన్నాడు. మీ అక్క నిన్ను ఎవరో అని చెప్పాల్సి వచ్చిందా అని.” చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇక తినబుద్ధి కాలేదు.”

ఆ ఏడాది సులువుగా గడవలేదు. జిప్పులక్క నూనె మానేసింది, ఉడకబెట్టినవే తింది. రెండుసార్లు నొప్పి వచ్చి మెట్ల కిందే ముడుచుకు పడుకుంది. మరిది మాత్రల కోసం చెల్లెలు ధర్మాసుపత్రి వరసలో వారం వారం నిలబడింది. జిప్పులక్కకు చట్టం చేసినవాళ్లని తిట్టాలనిపించిన రోజులున్నాయి, తిట్టింది కూడా. రికార్డు గదిలోని నెరిసిన జుట్టావిడ ఒకరోజు చేతిసంచి బాగుచేయించుకోవడానికి వచ్చింది. జిప్పులక్క ఏమీ చెప్పలేదు, రన్నరు కొత్తది వేసి పంపింది.

పదమూడో నెలలో ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ చిన్న సీసాలో రాళ్లు చూపించింది. శనగగింజలంతవి, పదిహేడు. చెల్లెలు లెక్కపెట్టి, “నావి నాలుగే” అంది. “అన్నిట్లోనూ పెద్దదానివే నువ్వు.”

నవ్వితే కుట్లు లాగుతున్నాయి. అయినా జిప్పులక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నెల్లాళ్లు బరువులెత్తొద్దన్నారు. అందుకని ఆ నెలంతా సూట్‌కేసులు తెచ్చినవాళ్లే వాటిని ఎత్తి పట్టుకుని నిలబడ్డారు, ఆవిడ కూర్చునే పని చేసింది.