ఖాకీ పెళ్లికూతురు

ఆ రోజుల్లో కుర్రవాడి గొప్పతనాన్ని ప్యాంటు అంచుతో కొలిచేవారు. అంచు ఎంత వెడల్పుగా ఉండి రోడ్డును ఎంత బాగా ఊడిస్తే అంత హీరో. నేను మాత్రం పాలిటెక్నిక్‌లో చదివినవాణ్ని. ఏ వస్తువైనా ముందు పనికి రావాలి, అందం తర్వాత అని నా నమ్మకం. (ఈ నమ్మకం వల్ల నాకు స్నేహితులు తక్కువ.) మా ఫలక్‌నుమా బస్తీలో అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన ఒక హాస్య బృందం నడిపేవాడు. రాసుకున్న నాటకమంటూ ఉండదు. జనంలో ఎవరో ఒక మాట అరిస్తే, దాని మీద అప్పటికప్పుడు ఆడి నవ్వించాలి. బృందంలో ఒకే చోటు ఖాళీ. దానికి నేనూ, బెల్‌బాటం అని పేరుపడిన నా మిత్రుడూ పోటీ. సంతోష్‌నగర్ వినాయక మండపంలో ఇద్దర్నీ కలిపి స్టేజి ఎక్కిస్తానన్నాడు పెద్దన్న. "నవ్విచ్చినోడు మనోడు. ఇంకోడు పర్దా గుంజుడే," అని తేల్చేశాడు.

బట్టల సంగతి నేను ఇంజినీరింగ్ సమస్యగానే తీసుకున్నాను. స్టేజి మీద ఏమవుతానో ముందుగా తెలియదు కనుక కూర్చోవాలన్నా, పడాలన్నా, దొర్లాలన్నా కుట్లు ఊడకూడదు, జేబుల్లో ఏదీ గలగలమనకూడదు, చెప్పులు జారకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బట్టలు నన్ను ఫలానావాడని చెప్పేయకూడదు. అప్పుడు గుర్తొచ్చింది, నేను పని నేర్చుకుంటున్న లేత్ వర్క్‌షాపు ఖాకీ జత. వదులుగా ఉంటుంది, గుడ్డ గట్టిది, రంగు మట్టి రంగు. వినాయకుల బొమ్మలు చేసే ధూల్‌పేటలో మట్టిముద్ద ఏ దేవుడైనా అయినప్పుడు నేను ఏ పాత్రైనా ఎందుకు కాకూడదు?

"ఏందిర భై, షిఫ్టుకు పోతున్నవా?" అన్నాడు బెల్‌బాటం. అతని ప్యాంటు తొడలకు చర్మంలా అతుక్కుని ఉంది.

"గా ప్యాంటుల నువ్వు కూసుంటవా?" అని అడిగాను.

"హీరో కూసునుడేందిర!"

మండపంలో మేం స్టేజి ఎక్కగానే జనంలోంచి ఎవరో "పెళ్లిచూపులు!" అని అరిచారు. పెద్దన్న నన్ను పెళ్లికూతుర్ని చేశాడు, బెల్‌బాటాన్ని వరుణ్ని చేశాడు. నేను జేబురుమాలు తల మీద కప్పుకుని, చాప మీద వయ్యారంగా కూర్చుని (ఒక్క కుట్టు కదల్లేదు) తల వంచుకున్నాను. ఇంతలో వెనకనుంచి ఒక గొంతు: "కండక్టర్ సాబ్, చార్మినార్ పోతదా?"

మండపం గొల్లుమంది. నేను మరింత సిగ్గు పడ్డాను. "సిగ్గు తర్వాత పడుదువు గాని, ముందుగాల సీటీ కొట్టన్నా!" అన్నాడు ఇంకొకడు, తనే ఈల వేసి చూపిస్తూ. నా లెక్కలో తప్పిపోయింది అదే. మట్టికి ఏ రూపమూ లేకపోవచ్చు గాని, మన ఊళ్లో ఖాకీకి ఉద్యోగం ఉంది. నవ్వుతున్నారు, నిజమే, కాని నా చొక్కాను చూసి. పెద్దన్న అప్పుడే నాకు పర్దా తాడు వైపు వేలు చూపిస్తున్నాడు.

అంతలో వరుడు దర్జాగా వచ్చాడు. చాప దాకా వచ్చి, సగం వంగి, ఏదో చిన్న చప్పుడు విని, చటుక్కున నిటారుగా నిలబడ్డాడు.

"కూసోండి," అన్నాను నాజూగ్గా.

"పర్వాలేదు, నిలవడ్త."

"కూసోండి జర."

"నిలవడ్త అంటున్న గద!"

అతని కళ్లలో దర్జీ మీద నమ్మకం పూర్తిగా పోయింది. అప్పుడు, రుమాలు తీయకుండా, తల ఎత్తకుండా, అదే నాజూకు గొంతుతో అన్నాను: "నిలవడ్డోళ్లు లోపటికి జరగాలె! ఆగే బఢో, ఆగే బఢో!"

తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. పెద్దన్న కళ్లు తుడుచుకుంటూ "మనోడివిర నువ్వు!" అన్నాడు. పర్దా బెల్‌బాటమే లాగాడు. (నిలబడి చేసే పని కనుక ఆ ప్యాంటుకు సరిగ్గా సరిపోయింది.)

ఇంటికి పోతూ బస్సెక్కి టికెట్ అడిగితే, కండక్టర్ నా ఖాకీ వైపు చూసి "స్టాఫా?" అన్నాడు.

"కాదన్నా, పెళ్లికూతుర్ని."

అతను ఒకడుగు వెనక్కి వేసి, చెయ్యి బారుగా చాపి టికెట్ ఇచ్చాడు.

ఇప్పుడు నేను ఆఫీసుకు తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు వేసుకుంటాను. కూర్చోవడానికీ లేవడానికీ అన్ని విధాలా అనువైనవే. కాని వాటిని చూసి చార్మినార్ పోతదా అని ఎవరూ అడగరు. బట్టల దగ్గర అన్నీ ముందే ఆలోచించి, మాట దగ్గర ఏదీ ఆలోచించని ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.