శాతాలమ్మ లెక్క

ఆమెకు శాతాలమ్మ అని పేరు పెట్టింది డెంటల్ కాలేజీ క్యాంటీన్‌లో టీ కాచే మనిషి. ఆ పేరులో కొంత వెటకారం, కొంత భయం ఉన్నాయి. ఆమె దేన్నీ పట్టించుకోలేదు. ఇరవై ఆరేళ్ళు ఆ కాలేజీ ప్రవేశాల విభాగంలో గుమాస్తాగా పనిచేసింది. దరఖాస్తుల కవర్లు విప్పడం, మార్కులు పట్టికలో ఎక్కించడం, సిఫారసు ఉత్తరాలు లెక్క ప్రకారం ఉన్నాయో లేదో చూడడం, ఇంటర్వ్యూ గదిలో ఓ మూల కూర్చుని ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు కాగానే గంట కొట్టడం ఆమె పని. ఎవరిని తీసుకోవాలో తేల్చేది ప్రొఫెసర్లు. కానీ పదేళ్ళు తిరిగేసరికి, తలుపు తోసుకొచ్చిన మనిషి కుర్చీలో కుదురుకునే లోపే ఆమెకు సంగతి దాదాపు తెలిసిపోయేది. దాదాపు అన్న మాట ఆమెదే. దేని గురించీ ఆమె నోట "ఖాయం" అనే మాట ఎవరూ వినలేదు.

పదవీ విరమణ చేశాక ఇంట్లో ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేసుకుంది. వారానికి రెండు ఉదయాలు, డెంటల్ కాలేజీలో చేరాలనుకునేవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ముందు ఫైలు మొత్తం చదివేది. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత నాలుగైదు ప్రశ్నలు అడిగి, నూటికి ఎంత అవకాశం ఉందో ఒక అంకె చెప్పేది. ఆ అంకెకు ముందూ వెనకా తీపి మాటలేవీ ఉండేవి కావు.

ఆమె ఇలా తయారవడానికి కారణం ఆమె చెల్లెలు.

చెల్లెలికి చిన్నప్పటి నుంచీ చేతిలో మంచి పనితనం. పంటి డాక్టరు అవుతానని పదిహేనో ఏట అంది. తల్లి ఆ మాట వీధి వీధంతా చాటింది. చెల్లెలు వరసగా నాలుగేళ్ళు దరఖాస్తు పెట్టింది. రెండో ఏడు అక్క ఆ ఆఫీసులో కొత్తగా చేరి ఉంది. చెల్లెలి కవరు తన చేతులతోనే విప్పింది. రసాయనశాస్త్రంలోనూ భౌతికశాస్త్రంలోనూ ఉన్న మార్కులు చూసింది. ఆ మార్కులున్న ఫైళ్ళను ప్రొఫెసర్లు తెరిచి కూడా చూడరని అప్పటికే ఆమెకు తెలుసు. ఆఫీసు సంగతులు బయటపెట్టకూడదన్న నిబంధన ఉన్న మాట నిజమే. కానీ ఎన్ని మార్కులవాళ్ళు చేరుతున్నారో కాలేజీ నోటీసు బోర్డు మీదే ఉండేది. దాన్ని ఇంటికొచ్చి చెబితే అడ్డుకునేవాళ్ళు లేరు. ఆమె చెప్పలేదు. భోజనాల దగ్గర అందరూ "ఈసారి నీదే సీటు" అంటుంటే, "చూద్దాం" అని కంచంలోకి చూసుకుంది. ఆ మధ్యలో చెల్లెలికి ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం వస్తే, సీటు వస్తుంది కదా అని వద్దంది.

నాలుగోసారి కూడా రాలేదన్న ఉత్తరం వచ్చిన రోజు చెల్లెలు ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళ నుంచి."

చెల్లెలు చేతిలోని తువ్వాలును సగం మడతలోనే వదిలేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒకే ఇంటికి వస్తూ పోతూ కూడా అక్కతో నేరుగా మాట్లాడలేదు. "ఆవిడతో చెప్పమ్మా" అని తల్లి ద్వారానే మాటలు నడిచాయి. చెల్లెలికి కూతురు పుట్టాక ఎలాగో మళ్ళీ కలిశారు. చెల్లెలు ప్లాన్లు గీసే పనిలోనే చేరి మంచి పేరు తెచ్చుకుంది. ఆ నాలుగేళ్ళ ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచీ అడిగినవాళ్ళకు కుండ బద్దలుకొట్టినట్టు చెప్పడం మొదలుపెట్టింది శాతాలమ్మ. చెప్పిన ప్రతి అంకెనూ ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. ఫలితం వచ్చాక దాని పక్కన చేరారో లేదో రాసేది. మొదట్లో యాభై అని చెప్పినవాళ్ళలో నూటికి ముప్ఫై మందే చేరినట్టు ఆ పుస్తకంలో తేలింది. ఎదురుగా ఉన్న మొహాలు చూసి తాను మెత్తబడుతున్నానని అర్థమైంది. ఆ ఏటినుంచి ఫైలు చదివేటప్పుడు మొహం వైపు చూడడం మానేసింది. క్రమంగా లెక్క కుదిరింది. ఇరవై అన్నవాళ్ళలో ఐదుగురికి ఒకరు చేరారు. ఎనభై అన్నవాళ్ళలోనూ ఐదుగురికి ఒకరు ఏడుస్తూ తిరిగొచ్చారు. "మీరు ఎనభై అన్నారే!" అని గొడవకొచ్చినవాళ్ళకు ఆ పుస్తకం చూపించేది. ఎవరూ చూసేవారు కాదు.

అలాంటి రోజుల్లో భార్యాభర్తలిద్దరు వచ్చారు. అతనికి ముప్ఫై రెండేళ్ళు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పదకొండేళ్ళుగా పని. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ తెల్లగా కనిపిస్తూనే ఉంది. భార్య సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. అతను అప్పటికి రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

శాతాలమ్మ ఫైలు చదివింది. మూసింది.

"నూటికి పదిహేను."

"అంటే రాదనేగా?" అంది భార్య.

"రాదని కాదమ్మా. ఇలాంటి ఫైళ్ళు వంద వెళితే పదిహేను లోపల ఉండిపోతాయి. ఎనభై ఐదు వెనక్కొస్తాయి."

అతను అడిగాడు. "ఆ పదిహేను దేనికిచ్చారు మేడం? ఆ ఎనభై ఐదు ఎక్కడ పోయాయి?"

శాతాలమ్మ తలెత్తి చూసింది. ఆ గదిలో ఏడ్చినవాళ్ళున్నారు, పోట్లాడినవాళ్ళున్నారు, మా బాబాయికి పెద్దపెద్దవాళ్ళు తెలుసన్నవాళ్ళున్నారు. అంకెను విప్పి చూపించమన్న మనిషి ఆమెకు అంతవరకూ తగల్లేదు.

"చేతిపని పరీక్షలో రెండుసార్లూ మీరే మొదటివారు. పదిహేనూ దానికే. రసాయనశాస్త్రం పన్నెండేళ్ళ కిందట గట్టెక్కారు. అంతే, గట్టెక్కారు. సిఫారసు ఉత్తరాలు మూడు. మూడింటిలోనూ వేళకు వస్తాడు, నెమ్మదస్తుడు అని ఉంది. గోడ గడియారానికి కూడా అలాంటి ఉత్తరం రాయొచ్చు. సరే, ఇంటర్వ్యూలో డెంటిస్టు ఎందుకవుతావంటే ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపే అచ్చులు సగం తప్పుల తడకలే. పదకొండేళ్ళుగా వాళ్ళ తప్పులు నేను సర్దుతున్నాను. అదేదో మొదటినుంచీ నేనే సరిగ్గా చేద్దామని."

"ఎవరి ముందన్నారీ మాట?"

"ప్యానెల్ ముందు."

"ఆ ప్యానెల్లో ఉన్నదెవరు?"

"పంటి డాక్టర్లు" అన్నాడు అతను. భార్య తల పట్టుకుంది. "ఎదురుగా కూర్చుని వాళ్ళ పళ్ళే పీకొచ్చాడన్నమాట. ఒకసారి కాదు, రెండుసార్లు!"

"అయితే అబద్ధం చెప్పమంటారా?" అన్నాడు అతను, కాస్త ఉక్రోషంగా.

"వద్దు. అబద్ధాలు వాళ్ళు రోజూ వింటారు. మీరు అచ్చుల గురించి చెప్పారు, ప్లాస్టర్ గురించి చెప్పారు. ఆ పళ్ళు పెట్టుకునే మనిషి గురించి ఒక్క ముక్క చెప్పారా? అసలు మీరు చేసిన పళ్ళ సెట్టు ఎవరి నోట్లోనైనా చూశారా?"

"లేదు. డబ్బా వస్తుంది, డబ్బా వెళుతుంది."

"వెళ్ళి చూడండి. చూశాక కూడా డెంటిస్టు కావాలనే అనిపిస్తే అప్పుడు రండి."

బయటికొచ్చాక భార్య, "ఈవిడ నోట్లో నాలుక బదులు కత్తి పెట్టుకుంది" అందట. కానీ ఆ వారంలోనే సాయంత్రం తరగతుల్లో రసాయనశాస్త్రానికి అతని పేరు రాయించింది తనే.

శనివారాలు ఒక చిన్న క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడడానికి అతనికి అనుమతి దొరికింది. రెండో నెలలో, అతను స్వయంగా చేసిన సెట్టు కోసం టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ వచ్చింది. సెట్టు చక్కగా కూర్చుంది. కదల్లేదు, నొక్కుకోలేదు. అద్దంలో చూసుకుని ఆవిడ నవ్వింది కూడా. తర్వాత ఏదో అనబోయి ఆగిపోయింది. 'స' అనాల్సిన చోటల్లా ఈల లాంటి శబ్దం వస్తోంది. "ముప్ఫై ఏళ్ళు గొంతుతో బతికాను బాబూ. ఇప్పుడు నా పేరు నేనే సరిగ్గా పలకలేకపోతున్నాను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు అతని వైపు చూశాడు. అతను సెట్టు తీసుకుని, ముందు పళ్ళ వెనక మందం కొద్దిగా అరగదీసి ఇచ్చాడు. చాల్లేదు. మళ్ళీ అరగదీశాడు. మూడోసారికి ఆవిడ తన పేరు పలికింది. నమ్మకం కుదరక ఇంకో నాలుగుసార్లు పలుక్కుని, ఆ తర్వాత వీధి పేరు, మనవరాలి పేరు కూడా పలికి చూసుకుంది.

ఏడాది తర్వాత కొత్త ఫైలుతో వచ్చినప్పుడు అతను ఈ సంగతే శాతాలమ్మతో చెప్పాడు. "నా బల్ల మీద ఆ సెట్టులో వంక పెట్టడానికి లేదు మేడం. ఆవిడ నోట్లోకి వెళ్ళాకే తప్పు తెలిసింది. ఇన్నాళ్ళూ డాక్టర్లనే తిట్టుకున్నాను. నావి ఎన్ని వెళ్ళాయో అలాగ."

ఆమె ఫైలు చదివింది. రసాయనశాస్త్రంలో మంచి మార్కులొచ్చాయి. క్లినిక్ డాక్టరు రాసిన ఉత్తరంలో ఆ పెద్దావిడ సంగతి ఉంది.

"నలభై."

భార్యకు మండింది. "ఏడాదిపాటు నిద్ర మానుకుని చదివితే ఇరవై ఐదేనా పెరిగింది?"

"అంత పెరిగినవాళ్ళని నా సర్వీసులో ముగ్గుర్నే చూశానమ్మా." ఒక తెల్ల కాగితం అతని ముందుకు జరిపింది. "అరవై ఇంకా అటువైపే ఉంది. రాకపోతే ఏం చేస్తారో ఇప్పుడే రాయండి. తర్వాత బుర్ర పనిచెయ్యదు."

అతను రాశాడు: రాకపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టను. ల్యాబులోనే ఉంటాను. శనివారాలు క్లినిక్‌కి వెళతాను. భార్య కింద సాక్షి సంతకం చేసింది. శాతాలమ్మ ఆ కాగితాన్ని వాళ్ళకే ఇచ్చేసింది.

ఇంటర్వ్యూ అయింది. అతని పేరు వెయిటింగ్ లిస్టులో నాలుగోదిగా వచ్చింది. పైనున్న ముగ్గురికీ సీట్లు దొరికాయి. తరగతులు మొదలైపోయాయి. అతను కాగితంలో రాసుకున్నట్టే ల్యాబుకు వెళుతున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, చేతులు మోచేతుల దాకా ప్లాస్టర్‌తో ఉండగా ఫోను వచ్చింది. చేరిన ఒకమ్మాయి వేరే చదువుకు వెళ్ళిపోయిందనీ, మర్నాడు ఉదయం లోపు వచ్చి చేరాలనీ కాలేజీవాళ్ళు చెప్పారు.

అతను చేతులు కడుక్కుని భార్య బస్సు వచ్చే స్టాపుకు వెళ్ళి నిలబడ్డాడు. బస్సు వచ్చింది. ఎక్కి ఆమె సీటు వెనకే నిలబడ్డాడు. ఆ వేళప్పుడు అతన్ని అక్కడ చూసి ఆమె కంగారుపడింది. కానీ బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని అద్దం పైన రాసి ఉంది. ఆ విషయంలో ఆమె మొగుడని కూడా చూడదు. పదకొండు స్టాపులు అలాగే వెళ్ళారు. చివరి స్టాపులో జనం దిగాక ఇంజన్ ఆపి వెనక్కి తిరిగింది.

"చెప్పు. ఎవరికేమైంది?"

"సీటొచ్చింది."

ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించింది. "ఆ నలభైలో పడ్డామా అయితే?" అని, కళ్ళు తుడుచుకుని, బస్సు తిప్పే వేళ అయిందని అతన్ని దించేసింది.

శాతాలమ్మకు చెప్పడానికి అతనొక్కడే వెళ్ళాడు. ఆమె పుస్తకం తెరిచి, అతని వరసలో 'చేరారు' అని రాసింది. అతను ఇంకేదో మాట కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"మీ లెక్క నిజమైంది మేడం" అన్నాడు.

"ఒక్క మనిషితో నా లెక్క నిజమూ కాదు, అబద్ధమూ కాదు నాయనా. ఆ అమ్మాయి వెళ్ళిపోకపోతే కూడా నేను నలభై అనేదాన్ని" అందామె. అతను కాస్త చిన్నబుచ్చుకునే వెళ్ళాడు.

తరగతిలో అందరికంటే అతనే పెద్ద. పళ్ళ మైనపు నమూనాలు చెక్కే గంటలో పిల్లలంతా అతని బల్ల చుట్టూ మూగేవారు. శరీర నిర్మాణం పాఠాలు మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. మొదటి పరీక్షలో ఆ సబ్జెక్టు తప్పాడు. మళ్ళీ రాయడానికి ఆరు వారాలు గడువిచ్చారు. అప్పుడూ తప్పితే ఇంటికి పొమ్మంటారు. అతను మార్కుల కాగితం పట్టుకుని తిన్నగా ఆ కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికే వచ్చాడు.

"నూటికి ఎంత మేడం?"

శాతాలమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు తెలీదు."

"ఒక్క అంకె చెప్పండి. ఎంతైనా ఫరవాలేదు."

"లోపలికి వెళ్ళేదాకానే నాకు తెలుసు. లోపల ఎవరు నెగ్గారో, ఎవరు తప్పారో నేనెప్పుడూ రాసుకోలేదు. నోటికొచ్చింది చెబితే మీరు దాన్ని నమ్ముతారు." కాగితం తిరిగిచ్చేసి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "పుస్తకం తెచ్చారా? కూర్చోండి. పేర్లు నేనడుగుతాను, మీరు చెప్పండి. నాకు అర్థం కానక్కర్లేదు కదా."

ఆరు వారాలు, ఆమె ఫైళ్ళు చూడని రోజుల్లో అతను వచ్చి కూర్చునేవాడు. ఆమె ఎముకల పేర్లు, నరాల పేర్లు తప్పుగా పలుకుతూ అడిగేది. అతను సరిదిద్ది జవాబు చెప్పేవాడు. రెండోసారి నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కాడు. చదువు ముగిసేసరికి అతనికి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు రెండు కుర్చీలున్న ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాడు. ల్యాబుకు పంపే ప్రతి అచ్చుతోపాటు, ఆ పళ్ళు పెట్టుకోబోయే మనిషి ఏం పనిచేస్తారో ఒక చీటీలో రాసి పంపుతాడు. ల్యాబువాళ్ళు దాన్ని చదువుతారో లేదో అతనికి తెలియదు.