బిక్షం ఇంట్లో లేని మూడు రోజులు

శంషాబాద్ మండలాఫీసు ఎదురుగా రేకుల కింద కూర్చుని దరఖాస్తులు రాయడం నా పని. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. అయినా వస్తారు, చేతిరాత బాగుంటుంది కనుక.

2010లో బిక్షం వచ్చాడు. ఎయిర్‌పోర్టులో పరాయి కారు నడిపేవాడు, నెలకు ఏడు వేల జీతం. సొంత కారుకు లోన్ కావాలంటే బ్యాంకువాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ తెమ్మన్నారట. ఏడాదికి రెండు లక్షల నలభై వేలు సంపాదిస్తున్నట్టు నేనే రాసిపెట్టాను. లేని ఆదాయానికి పన్ను కట్టించాను. ఆ రసీదును పిచ్చోడు జేబులో పెట్టుకుని తిరిగాడు.

"మా ఖాందాన్ల పన్ను కట్టినోణ్ణి నేనొక్కణ్ణే అన్నా" అనేవాడు.

కారు వచ్చింది. కిస్తులు, డీజిల్ పోను మిగిలేది మళ్లీ ఆ ఏడు వేలే. లోన్ నడుస్తోంది కదా అని ఏటా అదే అబద్ధం రాస్తూ పోయాను.

2012లో అతని కూతురు నిర్మలకు ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఫీజు సర్కారు కట్టాలంటే తండ్రి ఆదాయం లక్ష లోపు ఉండాలి. కారుందని తెలిసి ఆఫీసులో రిటర్న్ అడిగారు. అది చూసి ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు.

"ఇగ ఏం జెయ్యాలె అన్నా?" అన్నాడు బిక్షం.

నాకు సిగ్గుండాలి. మళ్లీ నేనే తోవ చెప్పాను. భర్త వదిలేసి పోయాడని భార్య కొండమ్మ పేరుతో రాస్తే, ఆమె కూలి డబ్బులే లెక్కకొస్తాయి. 

"రాయి అన్నా. బిడ్డ సదువు కన్న నేనెక్కువనా" అన్నాడు.

రాశాను. విచారణకు మండలాఫీసు నుంచి గిర్దావర్ వచ్చిపోయేదాకా ఇంటికి రావద్దన్నాను. మూడు రోజులు అతను ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో, కారులోనే పడుకున్నాడు. కొండమ్మ అతని చొక్కాలు, చెప్పులు పక్కింట్లో దాచింది.

నాలుగో రోజు గిర్దావర్ వచ్చాడు. మాట తేడా రాకుండా చూద్దామని నేనూ వెంట వెళ్లాను. కొండమ్మ నేను నేర్పినట్టే చెప్పింది. ఆయన పిల్లవైపు తిరిగాడు.

"మీ బాపు ఏడున్నడమ్మా?"

నేను సైగ చేశాను. నిర్మల నా వైపు చూడలేదు.

"ఎయిర్‌పోర్టుల ఉన్నడు సార్. మూడొద్దుల సంది కార్లనే పంటున్నడు, నా కోసం. మమ్మల్ని ఇడిచిపెట్టి పోలే."

గిర్దావర్ దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టి వెళ్లిపోయాడు. ఇంజనీరింగ్ సీటు పోయింది. సాయంత్రం బిక్షం ఇంటికొచ్చి, సంగతి విని, కూతురి మీద చెయ్యెత్తాడు. కొట్టలేక గడపలోనే కూలబడి ఏడ్చాడు.

వారం తర్వాత నిర్మల షాద్‌నగర్ డిగ్రీ కాలేజీ దరఖాస్తుతో నా దగ్గరికి వచ్చింది. నేను కలం అందుకోబోతే ఆపింది.

"నేనే రాసుకుంట కాకా."

నా బల్ల మీదే వంగి రాసింది. తండ్రి పేరు బిక్షం. పని డ్రైవర్. ఆదాయం నెలకు ఏడు వేల లెక్కన ఏడాదికి ఎనభై నాలుగు వేలు. రాసి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని నా చేతికిచ్చింది. నేను తలెత్తలేకపోయాను.