ఇంగువ డబ్బాలో మాత్రలు

ఇంగువ వాసన తగిలితే నాకిప్పటికీ ముద్ద దిగదు. ఇన్నేళ్లూ పంటి నొప్పనో, కడుపులో బాగాలేదనో చెప్పి తప్పించుకుంటున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. రమణక్క చెయ్యి విరిగింది నావల్ల.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సింగపూర్‌లో బిలబిలమంటూ దిగుతున్న రోజులవి. మేమూ దిగాం, వేరే పనికి. ఒళ్లమ్ముకునే పని, దాచేదేముంది! హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో గది తీసుకుని అక్కా నేనూ ఉండేవాళ్లం. తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. ఇద్దరికీ హెచ్ఐవీ. సంగతి తెలిస్తే దేశం నుంచి పంపేస్తారు. అందుకని ఇండియా నుంచి తెప్పించుకున్న మాత్రలు, సీసాల్లోంచి తీసి, ఇద్దరివీ ఒకే ఇంగువ డబ్బాలో పోసుకునేవాళ్లం. ఆ ఘాటుకి మగాళ్లెవరూ మూత తియ్యరని అక్క ధీమా.

మాలో చాలామందికి ఒక ‘ఇంటాయన’ ఉంటాడు. పెళ్లీ లేదు, పాడూ లేదు. ఆదివారం గాజులేసుకుని ఆయనకి వండిపెడతాం. బేరానికొచ్చినవాళ్ల దగ్గర కండోమ్ లేనిదే ఒప్పుకోం. ఇంటాయన్ని మాత్రం అడగం. అడిగితే ఆయన్నీ బేరం కింద కట్టినట్టే కదా! ఎంత బుద్ధితక్కువో చూడండి. నా ఆయన జురాంగ్ ఈస్ట్‌లో కంప్యూటర్ ఉద్యోగి. అక్క ఆయన షిప్‌యార్డులో మేస్త్రీ.

ఒక ఆదివారం అక్క బజారుకెళ్లింది. నేను స్నానం చేసి వచ్చేసరికి, చారులో ఇంగువ తక్కువైందని నా ఆయనే అరలోంచి డబ్బా తీశాడు. మాత్రలు అరచేతిలో పోసుకుని చూశాడు. చదువుకున్నవాడు, అవి దేనికో పోల్చేశాడు. రెండో చెయ్యి నా గొంతు మీద పెట్టాడు.

"ఎవరివే ఇవి?"

"అక్కవి."

నొక్కకముందే వచ్చేసింది ఆ మాట. భయంతో అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజమేనా? అంతకుముందు ఎన్నోసార్లు కొట్టాడు, ఒక్కసారీ నోరు జారలేదే! ఆ రోజు నేను భయపడింది దెబ్బకి కాదు, ఆయన నన్నొదిలి పోతాడని. ఎవరికీ చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. నమ్మాను. డబ్బా వంటగట్టు మీదే వదిలేసి వెళ్లాడు. నేనూ తీసి దాచలేదు.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా నేరుగా వెళ్లి, ఆ డబ్బా తీసి అక్క మొహాన కొట్టాడు. నా నెత్తి మీద వేసిన ఒట్టు పొద్దుగూకేదాకా కూడా ఆగలేదని అప్పుడర్థమైంది. దొంగ సచ్చినోడు! బెల్టు తీసి అక్కని బాదుతూ, దానిక్కూడా ఉందా అని మేస్త్రీ నన్ను చూపించాడు. దానికేమీ తెలీదు, మాత్రలన్నీ నావే అంది అక్క. చెయ్యి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

ఆస్పత్రికి పోతే రక్తం చూస్తారని పోలేదు. చీరముక్కతో నేనే కట్టాను. ఎముక వంకరగా అతుక్కుంది. నా ఆయన మళ్లీ గుమ్మం తొక్కలేదు. నమ్మి మోసపోయానని కుళ్లి కుళ్లి ఏడ్చాను. ఏడవడానికి నాకేం హక్కుంది? అక్క నమ్మింది నన్ను కాదూ?

ఊరికి వెళ్లిపోయే రోజు అక్క ఎడమచేత్తో మాత్రలు సగం సగం పంచింది. వేళకి వేసుకోమంది. డబ్బా గట్టు మీద మర్చిపోయింది తనేననీ, తనవల్ల నా కాపురం కూడా పోయిందనీ ఏడ్చింది. క్షమించమని నా చెయ్యి పట్టుకుంది.

పోనీలే అక్కా, అన్నాను. నేను ఆమెని క్షమించాను!

ఆమె ఉందో లేదో కూడా తెలీదు. నువ్వు డబ్బా మర్చిపోలేదక్కా. నేనే చెప్పాను. ఈ ముక్క పైకి అనడం ఇదే మొదలు. గొంతు మీద చెయ్యి కాస్త వదులైనట్టుంది, అంతే.