పచ్చబడ్డ కొలను, అనుమానం పడ్డ లుంగీ

ఆ రోజుల్లో ఎవరైనా దగ్గితే వీధి వీధంతా వాళ్ల వంక చూసేది. సూరత్‌లో కోసాడ్ దగ్గర నేను అద్దెకున్న ఇంట్లో మాత్రం అనుమానం తెచ్చుకోవడానికి దగ్గనక్కర్లేకపోయింది. లుంగీ ఆరేస్తే సరిపోయింది.

ఇంటాయన తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాలు పెట్టుకున్న మనిషి. పెరట్లో రెండు మంచాలంత కొలను తవ్వించి, దానికి సిమెంటు బండలతో మోకాలెత్తు జలపాతం కట్టించాడు. అందుకని ఆయనకు జలపాతం సేటు అని పేరు పెట్టాను (మనసులోనే, అద్దెకుండేవాడు బయటికి పెట్టే పేర్లు వేరు). ఆ జలపాతం చుట్టాల కోసం. వాళ్లు గేటు తీసిన చప్పుడుకి సేటు మోటారు వేసేవాడు, వాళ్లు వెళ్తూ చెప్పులు తొడుక్కోగానే ఆపేసేవాడు. కరోనా వచ్చి చుట్టాల్ని ఆపింది. మగ్గాలూ ఆగాయి, పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. నా ఆఫీసు లాప్‌టాప్‌లో నా గదికే వచ్చేసింది. సేటు కొలను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఒక ఉదయం చూద్దును కదా, నీళ్లు గోరింటాకు ముద్ద కలిపినట్టున్నాయి. చేపలు ఉన్నాయో లేవో వాటికే తెలియాలి.

"తమ్మీ, జర గిటు రా," అని పిలిచాడు సేటు. కొలను మీదుగా కట్టిన తీగ మీద ఆరుతున్న నా ఆకుపచ్చ లుంగీ కేసి చూస్తూ, "గీ లుంగి రంగు పోతదా?" అన్నాడు.

"మొదట్లో కొంచెం పోయేది అంకుల్." (నిజాయితీ ఎక్కడ వాడకూడదో తెలియని వయసు.) వెంటనే, "ఇది పాచి అంకుల్," అన్నాను.

"పాచి నిలిచిన నీళ్లకు వస్తది. దీనికి జలపాతం ఉన్నది గద!"

ఉంది, నిజమే. నేను ఆపేసి ఉన్న మోటారు స్విచ్చి వంక చూశాను. అద్దకం మిల్లుల ఊళ్లో నీళ్ల రంగు మారితే మనుషులకు ముందు రంగే గుర్తొస్తుంది.

"తేలాలె తమ్మీ. లుంగిదే అయితే రూమ్ ఖాళీ చెయ్యి," అన్నాడు.

రైళ్లు లేవు. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన బ్రహ్మచారికి గది ఇవ్వడం మాట అటుంచి, గేటు తీసేవాళ్లే లేరు. ఇక ఆయన నన్ను కనిపెట్టి ఉండడం, నేను ఆయన్ని కనిపెట్టి ఉండడం. వీడియో కాల్‌లో బాసు తిడుతుంటే నా చూపు కిటికీలోంచి ఆయన మీదే ఉండేది. ఆయన దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసేవాడు. తర్వాత నా కిటికీ వైపు చూసేవాడు.

చివరికి కార్ఖానా నుంచి రంగు వేయని తెల్లగుడ్డ తెచ్చాడు. ఒక ముక్క కొలనులో ముంచాడు. ఇంకో ముక్కతో నా తడి లుంగీని తోమాడు. రెండూ ఆరాక ఎండలో పక్కపక్కన ఏటవాలుగా పట్టుకుని, ఒక కన్ను మూశాడు. మిల్లు నుంచి వచ్చిన సరుకును వెనక్కి పంపేటప్పుడు ఆయన చూసే చూపది. నేను చాలా పరీక్షలు రాశాను కానీ, ఏ ఫలితం కోసమూ చెప్పుల్లేకుండా నిలబడలేదు.

"షేడ్ కలుస్తలేదు," అన్నాడు, ఎంతో నిరాశగా. "లుంగిది నీలం మీద పోతున్నది. గిది పసుపు మీద పోతున్నది." గుడ్డను వేళ్లతో నలిపాడు. "రంగు గిట్ల జిగట ఉండదు."

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య, ఆంటీ, అందుకుంది. "మరి పాచే! రాకేం చేస్తది? మోటార్ ఏసి ఎన్ని దినాలాయె? పైంగ గంటకో పిడికెడు దాణా ఏస్తవు. చేపలు తినేది జరంత, కుళ్లేది గంపెడు."

"ఆకలైతది గద వాటికి."

"ఆకలి వాటికా? కార్ఖానల అందరికి చాయ్ పోసిన చెయ్యి, ఊకె ఉంటలేదు నీకు!"

సేటు దాణా డబ్బా ఆమె చేతికిచ్చి, వెళ్లి మోటారు వేశాడు. చూసే చుట్టమెవరూ లేకుండా జలపాతం పడడం అదే మొదలు. ఇద్దరం కలిసి జల్లెడతో పాచి తీశాం, సగం నీళ్లు మార్చాం. మోటారు రోజంతా ఆడేది. సూరత్‌లో అంత వానా అని బాసు అడిగితే, అవునన్నాను. నీళ్లు నెమ్మదిగా తేరుకున్నాయి. గది ఖాళీ చేసే మాట మళ్లీ రాలేదు, క్షమాపణా రాలేదు.

వచ్చింది చాయ్. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, మళ్లీ సాయంత్రం. సేటు కెటిల్‌తో వచ్చి, కిటికీ దగ్గర కప్పు పెట్టి, నేను తాగేదాకా అక్కడే నిలబడేవాడు. గది ఖాళీ చేయమనడానికి ఇది ముందుమాటేమోనని నేను గుక్క గుక్కకీ ఆయన మొహం చూస్తూ, నాలుక కాలుతున్నా గబగబా తాగి కప్పు ఇచ్చేసేవాణ్ణి. "ఇంకొంచెం పోయనా తమ్మీ?" అంటే, వద్దంటే వద్దనేవాణ్ణి.

ఇప్పుడైతే కెటిల్ అక్కడే పెట్టి కూర్చోమనేవాణ్ణి.