తుడుపు బావగారు

కొత్త లాప్‌టాప్ కంటబడిందంటే దాన్ని ఆనవాలు లేకుండా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తే గానీ పెద్దబావగారికి ముద్ద దిగదు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. పొద్దస్తమానం అద్దాలు తుడిచి తుడిచి చేతికి ఆ దురద పట్టుకుందని చుట్టాల నిర్ణయం. తుడుపు బావగారు అని పేరు పెట్టింది మాత్రం ఆయన తమ్ముడి భార్య. పెట్టినందుకు ఆమె ఇప్పుడు నాలుక కరుచుకుంటోంది. కానీ మంచి పేరైతే వెనక్కి తీసుకోవచ్చు గానీ, వెక్కిరింత పేరు ఒకసారి గడప దాటితే తిరిగిరాదు.

కంపెనీ నుంచి వచ్చిన లాప్‌టాప్ ఆయన దృష్టిలో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించకుండా అమ్మేసిన ఇల్లు. నెల తిరక్కుండానే డబ్బులడిగే వైరస్ కాపలాదారు ఒకడు, ఎవరూ ఆడని ఆటలు నాలుగు, వాతావరణం చెప్పే బొమ్మ ఒకటి. "తయారుచేసినవాడు తన చుట్టాలందరినీ ఇందులో ఎక్కించి పంపాడు. వీళ్ళని మనమెందుకు మేపాలి?" అంటూ చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసేవారు. ఆ తరువాత దేవుడు దిగొచ్చినా ఆగేది లేదు.

ఆయన భయానికి వాళ్ళ మేనమామ కొత్త లాప్‌టాప్‌ని దుప్పట్ల బీరువాలో దాచాడు. అప్పట్లో ఆ మేనమామకు ఉద్యోగం పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. పలకరించడానికి వచ్చిన బావగారు పలకరింపు మాట మరిచిపోయి, గోడకున్న ఛార్జరు వైపు చూశారు. "ఉయ్యాల ఉందంటే ఇంట్లో బిడ్డ ఉన్నట్టే" అని బీరువా తెరిపించారు. పొద్దున కూర్చున్న ఇద్దరూ దీపాలు పెట్టేదాకా తెర ముందు నుంచి లేవలేదు. ఈ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మరదలే.

మరి ఆమె వంతు రాకుండా ఉంటుందా.

ఆమెకు అప్పుడు నాలుగు నెలల పాప. అది పగలు కునుకు తీసేది, రాత్రి కచేరీ పెట్టేది. అత్తగారికి భుజం పట్టేసి పిల్లను ఎత్తుకోలేరు. భర్త ఉదయం వెళితే చీకటి పడ్డాకే రాక. పాప పుట్టకముందు ఆమె రసాయనశాస్త్రం చెప్పేది. ఇప్పుడు ఇంటి నుంచే పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి దొరికేలా ఉంది. ఆ సాయంత్రం ఉద్యోగమిచ్చేవాళ్ళ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే లేదు. అందుకోసమే కొత్త లాప్‌టాప్ కొన్నారు. నిద్రలేక ఆమెకు అక్షరాలు రెండేసిగా కనబడుతున్నాయి. పాఠం మధ్యలో తూలిపోతే ఎలా అన్నదే బెంగ.

సరిగ్గా ఆ ఉదయం బావగారు షాపు మూసేసి ఊడిపడ్డారు.

ఇవాళ వద్దని ఆమె మర్యాదగానే చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "కొత్త పరీక్షనాళిక కొన్నావనుకో, కడక్కుండా వాడతావా అమ్మా?" అన్నారు. వాడదు. చదివిన చదువే అడ్డం తిరిగింది. ఆమె నోరు తెరిచే లోపు ఆయన డిస్కులో ఉన్నదంతా చెరిపేశారు.

కాసేపటికి చూస్తే వైఫై లేదు. దాన్ని నడిపించే డ్రైవరు కూడా తుడుపులో కొట్టుకుపోయింది. అది దిగాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే అది కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. లోపల పాప ఏడుపందుకుంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఒకరి బతుకు మీద కూర్చుని తుడవడం తప్ప మీకింకేం రాదా బావగారూ?"

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ మొహం ఆమెకు ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది. ఆయన మాత్రం తగ్గు గొంతుతో, డ్రైవరు ఫోన్లోంచి ఎక్కిస్తానని, సాయంత్రానికి అంతా సిద్ధమవుతుందని, అందాకా మీట ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుందని చెప్పారు. పాపను అందుకుని భుజాన వేసుకున్నారు. చేసేదేమీ లేక ఆమె వెళ్ళి మంచం మీద వాలింది.

రెండుసార్లు ఉలిక్కిపడి లేచి గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ తెర మీద శాతాలు కదులుతూనే ఉన్నాయి. "ఎందాకా వచ్చింది?" అంటే, "నడుస్తోందమ్మా" అన్నారు. శాతమూ నడుస్తోంది, భుజాన పాపతో ఆయనా నడుస్తున్నారు.

ఆమె నిజంగా లేచేసరికి ఎండ వాలింది. లాప్‌టాప్ అద్దంలా ఉంది. వైఫై ఉంది. మొహం కడుక్కుని కూర్చుంది. వాళ్ళు అడ్డంగా అడిగిన ప్రశ్నలకు కూడా తడుముకోకుండా జవాబు చెప్పింది. పాఠం అవగానే, వచ్చే వారం నుంచి చేరమన్నారు. సంతోషంతో ముందు గదిలోకి వస్తే బావగారు లేరు. పాపను నిద్రపుచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

"పాపం, రోజంతా పట్టింది ఆయనకి" అంది.

అత్తగారు నవ్వారు. "రోజంతా ఎక్కడమ్మా? నువ్వు పడుకున్న కాసేపటికే అయిపోయింది. వైఫై కూడా వచ్చేసింది."

"మరి నేను లేచినప్పుడు తిరుగుతోందిగా?"

"మళ్ళీ తుడిచాడు. నువ్వు లేచి చూసి, అయిపోయిందని కూర్చుంటావని భయం. అది అయ్యాక ఇంకోసారి తుడిచాడు. కోడలు నిద్రలేక తూలిపోతోందిరా అని పొద్దున ఫోన్ చేసింది నేనే. పడుకోమంటే పడుకుంటావా నువ్వు? వాడికేమో బాగున్నారా అని అడగడం కూడా చేతకాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా లాప్‌టాప్ ఉందా అని వెళ్ళి కూర్చుంటాడు."

పొద్దున తను అన్న మాట ఆమె చెవుల్లో మళ్ళీ వినబడింది. డిస్కులో చెరిపినట్టు మాటను చెరిపే ఉపాయం ఏ శాస్త్రంలోనూ చెప్పలేదు.

భర్త ఇంటికొచ్చాక ఫోన్ చేసింది.

"బావగారూ, పొద్దున నేనన్న మాట..."

"వైఫై ఆగిపోవడం లేదుగా?"

"లేదండీ, బాగుంది. నేను చెప్పేది..."

"స్పీకరు?"

క్షమించండి అనే మాట ఆ రోజు వైఫైకీ స్పీకరుకీ మధ్య ఇరుక్కుపోయింది. ఇప్పటికీ బయటికి రాలేదు.

"ఆదివారం మా ఇంటికి రండి బావగారూ."

"ఏమైందమ్మా? మళ్ళీ ఏదైనా చేరిందా అందులో?"

"ఏమీ చేరలేదు. ఊరికే రండి."

ఆయన నిజంగానే అర్థం కానట్టు అడిగారు. "ఊరికే వచ్చి ఏం చెయ్యనమ్మా?"

ఆమె దిక్కులు చూసింది. కుర్చీలో భర్త కనిపించాడు. అతని ఒళ్ళో, అన్నగారి చేయి ఇన్నేళ్ళుగా తగలనివ్వని అతని సొంత లాప్‌టాప్ కనిపించింది.

"మీ తమ్ముడిది ఈ మధ్య బాగా నెమ్మదించింది" అంది.

భర్త దాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు.

"నాకు తెలుసు" అన్నారు బావగారు. ఆ గొంతులో ప్రాణం లేచొచ్చింది. "కానీ అది పాతదమ్మా. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పడుతుందేమో."

"పట్టనివ్వండి" అంది ఆమె.

భర్త లేచి, ఫోటోలు దాచుకోవడానికి ఖాళీ డిస్కు కోసం సొరుగులు వెతకడం మొదలుపెట్టాడు.